కీమో నడుస్తున్న కుక్కకు ఇన్ఫెక్షన్ వస్తే యాంటీబయాటిక్ ఎప్పుడు, ఎలా వేయాలి: సమగ్ర మార్గదర్శి

"కీమో ఇంజెక్షన్ అయ్యి వారం అయింది, నిన్నటి నుంచి అన్నం ముట్టడం లేదు, ఇంట్లో అమాక్సీక్లావ్ స్ట్రిప్ ఉంది, సగం మాత్ర వేయమంటారా?" నెల్లూరు నుంచి, కావలి నుంచి, ఒంగోలు నుంచి ఏదో ఒక రూపంలో ఇదే ప్రశ్న వస్తూనే ఉంది. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

కీమోలో ఉన్న కుక్క విషయంలో "ఏ మాత్ర" అన్నది చివరి ప్రశ్న. కీమో అయ్యి ఎన్నో రోజు, జ్వరం ఎంత, తెల్లకణాలు ఎన్ని ఉన్నాయి, ఇంకా ఏ మందులు నడుస్తున్నాయి, ఈ నాలుగూ తెలిశాకే మాత్ర సంగతి. అవి తెలియకుండా వేసిన మంచి మందు కూడా ఒక్కోసారి చెరుపే చేస్తుంది. అలాగని ప్రమాదపు రోజుల్లో జ్వరం వస్తే "రేపు పొద్దున చూద్దాంలే" అని ఆగడం అంతకంటే పెద్ద ప్రమాదం.

1. ముందు క్యాలెండర్ మీద రోజులు గుర్తుపెట్టుకోండి

కీమో మందు క్యాన్సర్ కణాలతో పాటు ఎముక మజ్జలో తయారయ్యే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలను కూడా తగ్గిస్తుంది. బ్యాక్టీరియాతో మొదట పోరాడేవి అవే. అవి ఒక్క రోజులో పడిపోవు, మందును బట్టి కొన్ని రోజుల తర్వాత అట్టడుగుకు చేరి మళ్లీ లేస్తాయి. ఆ అడుగు రోజుల్లోనే భయం.

మన జిల్లాల్లో క్లినిక్‌లలో ఎక్కువగా కనిపించే కీమో విన్‌క్రిస్టిన్, టీవీటీ (కుక్క నుంచి కుక్కకు సంపర్కంతో అంటుకునే జననాంగాల క్యాన్సర్) గడ్డలకు వారానికొకసారి వేసేది. లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) ఉన్న కుక్కలకైతే విన్‌క్రిస్టిన్, సైక్లోఫాస్ఫమైడ్, డాక్సోరూబిసిన్, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మార్చి మార్చి ఇస్తారు.

సుమారుగా గుర్తుపెట్టుకోవాల్సిన రోజులు ఇవి:

- విన్‌క్రిస్టిన్: 5 నుంచి 7వ రోజు
- సైక్లోఫాస్ఫమైడ్, డాక్సోరూబిసిన్: 7 నుంచి 10వ రోజు
- కార్బోప్లాటిన్: 10 నుంచి 14వ రోజు

ఇంజెక్షన్ వేయించుకుని ఇంటికి రాగానే క్యాలెండర్ మీద ఈ రోజులకు ఎర్ర పెన్నుతో గీత గీయండి. ఇంట్లో అందరికీ చెప్పండి, కుక్కకు అన్నం పెట్టే అమ్మమ్మకూ చెప్పండి. నీరసంగా ఉందని మొదట గమనించేది సాధారణంగా ఆమే.

2. అవసరం రాకముందే సిద్ధం చేసుకోవాల్సినవి

రాత్రి పదకొండింటికి జ్వరం వస్తే అప్పుడు థర్మామీటర్ వెతుక్కోవడం కుదరదు.

- కుక్క కోసమే విడిగా ఒక డిజిటల్ థర్మామీటర్, వాసెలిన్
- ఒక నోట్‌బుక్: కీమో తేదీ, మందు పేరు, ప్రతి రక్తపరీక్ష రిపోర్టు
- ఇంట్లో కుక్కకు ఇచ్చే మొత్తం మందుల ఫొటోలు, లివర్ టానిక్, ఆయుర్వేద చుక్కలతో సహా
- కీమో రాసిన డాక్టర్ ఫోన్ నంబర్, రాత్రిపూట చూసే మరో క్లినిక్ నంబర్
- కుక్క రక్తానికి సీబీసీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేసే ల్యాబ్ ఎక్కడుందో, ఎన్నింటి దాకా తెరిచి ఉంటుందో

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మండలంలో పశువుల ఆస్పత్రి ఉన్నా సీబీసీ మెషిన్ అన్నిచోట్లా ఉండదు. మనుషుల ల్యాబ్‌లో చేయిస్తే, ఆ మెషిన్‌లో కుక్కల సెట్టింగ్ లేకపోతే అంకెలు తప్పు రావచ్చు. అలాంటప్పుడు స్లయిడ్ మీద స్మియర్ (రక్తపు చుక్కను పలచగా పూసి మైక్రోస్కోప్‌లో చూడటం) కూడా చూడమని అడగండి.

పెద్ద ఆస్పత్రికి వెళ్లాల్సి వస్తే నెల్లూరు వాళ్లకు తిరుపతి వెటర్నరీ కాలేజీ, చెన్నై వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఉన్నాయి. ఒంగోలు వాళ్లకు గన్నవరం కాలేజీ కూడా ఒక దారి. ఎటు వెళ్లినా గంటల ప్రయాణమే. ఏ కారు, ఎవరు నడుపుతారు, కుక్కను ఎత్తేది ఎవరు అన్నది ముందే మాట్లాడి పెట్టుకోండి.

3. జ్వరం, చిగుళ్లు చూడటం

చెవులు పట్టుకుని, ముక్కు తడిమి జ్వరం చెప్పలేం. థర్మామీటర్ కొనకు వాసెలిన్ రాసి, ఒకరు తల దగ్గర పట్టుకుంటే, మలద్వారంలోకి రెండు మూడు సెంటీమీటర్లు మెల్లగా పెట్టి, బీప్ వచ్చేదాకా ఆగండి. విరేచనాలతో ఆ చోటు ఒరుసుకుపోయి ఉన్నా, రక్తం కనిపిస్తున్నా మీరు పెట్టొద్దు, క్లినిక్‌లో చూస్తారు. కణాలు తక్కువగా ఉన్నప్పుడు అక్కడ చిన్న గీత పడినా ఇన్ఫెక్షన్‌కు దారి అవుతుంది.

- 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్: మామూలు
- 103, అంతకంటే ఎక్కువ: ఎర్ర గీత రోజుల్లో అయితే అది ఎమర్జెన్సీ, వెంటనే ఫోన్ చేయండి
- 99 కంటే తక్కువ, కుక్క మందకొడిగా ఉంటే: ఇది కూడా ఎమర్జెన్సీయే

రోహిణి కార్తెలో మధ్యాహ్నం కరెంటు పోయి వరండాలో రొప్పుతున్న కుక్కకు జ్వరం లేకపోయినా 103 చూపించవచ్చు. డాక్టర్‌కు ముందు ఫోన్ చేసి చెప్పి, ఈలోపు నీడలో, గాలి తగిలేచోట ఉంచి ఇరవై నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. తగ్గకపోతే జ్వరం కిందే లెక్క.

ప్రెడ్నిసొలోన్ తీసుకుంటున్న కుక్కకు లోపల ఇన్ఫెక్షన్ ముదురుతున్నా జ్వరం కనిపించకపోవచ్చు. కాబట్టి థర్మామీటర్ మామూలుగా చూపించినా కుక్క లేవకపోతే, తినకపోతే దాన్ని నమ్మి ఊరుకోవద్దు.

చిగుళ్లు కూడా చూడండి. పై పెదవి ఎత్తి కోరపంటి పైన చిగురు మీద వేలితో నొక్కి వదలండి. నొక్కినచోట తెల్లబడి రెండు సెకన్లలోపే మళ్లీ గులాబీ రంగు రావాలి. అంతకంటే ఆలస్యమైనా, చిగుళ్లు పాలిపోయినా, ఇటుక ఎరుపులోకి తిరిగినా ఇంకేం ఆలోచించకుండా బయల్దేరండి. మీ కుక్క బాగున్న రోజున ఒకసారి ఇలా నొక్కి చూసి, దాని మామూలు రంగు ఎలా ఉంటుందో కంటికి అలవాటు చేసుకోండి. చిగుళ్లు సహజంగానే నల్లగా ఉన్న కుక్కకు కింది రెప్ప లోపలి ఎరుపు చూస్తారు.

ఇంకో మాట. చీము అంటే ఎక్కువ భాగం చచ్చిన న్యూట్రోఫిల్సే. అవి లేని రోజుల్లో గాయం శుభ్రంగానే కనిపిస్తుంది, మూత్రంలో చీము కణాలు కనబడవు, ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు కూడా బాగానే ఉన్నట్టు ఉండవచ్చు. "చీము లేదుగా" అని ధైర్యం తెచ్చుకోవద్దు.

4. ఇది నిజంగా ఇన్ఫెక్షనేనా?

యాంటీబయాటిక్ అనవసరంగా పడేది ఇక్కడే. ఇన్ఫెక్షన్ లాగే కనిపించి, కాకుండా పోయేవి కొన్ని ఉన్నాయి.

మూత్రంలో రక్తం. సైక్లోఫాస్ఫమైడ్ తీసుకుంటున్న కుక్క మాటిమాటికీ కాలెత్తుతూ చుక్కచుక్కగా రక్తం కలిసిన మూత్రం పోస్తుంటే, అది మందు వల్ల మూత్రాశయం లోపలి పొర దెబ్బతినడం కావచ్చు. దానికి యాంటీబయాటిక్ పనిచేయదు, ఆ కీమో మందును ఆపాలా మార్చాలా అని డాక్టర్ తేల్చాలి. మూత్రం కల్చర్ (ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) చేయిస్తేనే తేడా తెలుస్తుంది. ఆ శాంపిల్ కూడా గచ్చు మీద నుంచి తీసింది కాకుండా, క్లినిక్‌లో పొట్ట నుంచి సూదితో నేరుగా తీసింది అయితే మంచిది. గడ్డ మూత్రాశయంలోనే ఉన్న కుక్కకు మాత్రం అలా సూది పెట్టకూడదు.

ఇంజెక్షన్ వేసిన కాలు వాచడం. విన్‌క్రిస్టిన్, డాక్సోరూబిసిన్ నరంలోంచి బయటికి కారితే కొన్ని రోజుల్లో ఆ చోటు ఎర్రబడి, వాచి, పుండు పడుతుంది. దీన్ని "సెప్టిక్ అయింది" అనుకుని మాత్రలతో సరిపెట్టుకోవద్దు. కీమో వేసిన డాక్టర్‌కు అదే రోజు చూపించాలి. నాకనివ్వకండి, సొంతంగా కాపడం పెట్టకండి.

విరేచనాలు. కీమో తర్వాత రెండు నుంచి ఐదు రోజుల్లో వచ్చే పలచటి విరేచనాలు చాలావరకు పేగు పొర మీద మందు ప్రభావమే. జ్వరం లేకుండా, ఆడుకుంటూ ఉంటే వెంటనే మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ అక్కర్లేదు. నీళ్లు, మెత్తటి తిండి, డాక్టర్‌తో ఒక ఫోన్ చాలు. రక్తం పడినా, వాంతులు తోడైనా, ఎర్ర గీత రోజుల్లో వచ్చినా మాత్రం వెళ్లాల్సిందే.

గోమార్ల జ్వరం. మన వైపు దీన్ని మర్చిపోతే చాలా నష్టం. గోమార్లు (పిడుదులు) మోసుకొచ్చే ఎర్లీషియా అనే బ్యాక్టీరియా కూడా జ్వరం తెస్తుంది, ప్లేట్‌లెట్లను పడగొడుతుంది, తెల్లకణాలను కూడా తగ్గిస్తుంది. రిపోర్టు చూసి "కీమో వల్లేలే" అనుకుంటే అసలు జబ్బు మిగిలిపోతుంది. దానికి డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు వాడాలి. చెవుల లోపల, వేళ్ల సందుల్లో గోమార్లు కనిపిస్తే డాక్టర్‌కు చెప్పి స్మియర్, ఎర్లీషియా పరీక్ష అడగండి.

5. సీబీసీ రిపోర్టు చదవడం

చాలా రిపోర్టుల్లో మొత్తం తెల్లకణాలు ఒక చోట, న్యూట్రోఫిల్స్ శాతం ఇంకో చోట ఉంటాయి. శాతం ఒక్కటే చూసి మోసపోవద్దు. మొత్తం కణాలను శాతంతో గుణించి వందతో భాగించండి. మొత్తం 3,200, న్యూట్రోఫిల్స్ 30 శాతం అయితే 3,200 × 30 ÷ 100 = 960.

- 1,500 నుంచి 2,000 పైన: చాలామంది డాక్టర్లు తర్వాతి కీమోకు సరే అంటారు
- 1,000 లోపు, జ్వరం లేదు: కీమో వాయిదా వేసి, ముందుజాగ్రత్తగా నోటి ద్వారా యాంటీబయాటిక్ రాయడం మామూలు
- 1,000 లోపు, జ్వరం కానీ నీరసం కానీ ఉంది: ఆస్పత్రిలో సెలైన్, నరానికి యాంటీబయాటిక్

మూడో పరిస్థితిలో ఇంటి దగ్గర మాత్రలతో నెట్టుకురావాలని చూడకండి. డబ్బు ఇబ్బంది ఉంటే ఆ మాట డాక్టర్‌కే సూటిగా చెప్పండి. పగలంతా క్లినిక్‌లో ఉంచి ఇంజెక్షన్లు చేయించి రాత్రికి ఇంటికి తెచ్చుకునే ఏర్పాటు చాలాచోట్ల కుదురుతుంది.

ఈ సమయంలో ఇన్ఫెక్షన్ తెచ్చే బ్యాక్టీరియా చాలాసార్లు బయట నుంచి వచ్చింది కాదు, కుక్క పేగుల్లో ఉన్నదే. అందుకే ఇల్లంతా ఫినాయిల్ పెట్టి కడిగినంత మాత్రాన సరిపోదు, కణాల లెక్క మీదే కన్ను ఉండాలి.

6. శాంపిల్ ముందు, మందు తర్వాత

చర్మం పుండైనా, చెవైనా, మూత్రమైనా మొదటి డోసు పడకముందే కల్చర్‌కు శాంపిల్ తీయించండి. మందు పడ్డాక తీస్తే బ్యాక్టీరియా పెరగకపోవచ్చు, అప్పుడు రిపోర్టు ఖాళీగా వచ్చి మళ్లీ మొదటికి వస్తారు. రిపోర్టు రావడానికి మూడు నుంచి ఐదు రోజులు పట్టవచ్చు, అప్పటిదాకా డాక్టర్ అంచనాతో మందు మొదలుపెడతారు, తర్వాత కావాలంటే మారుస్తారు.

కణాలు పడిపోయి జ్వరం వస్తే మాత్రం కల్చర్ కోసం మందు ఆపకూడదు. శాంపిల్ తీయడం, మందు మొదలుపెట్టడం ఒకే గంటలో జరిగిపోవాలి.

మూత్రం కల్చర్‌లో బ్యాక్టీరియా వచ్చినా కుక్కకు మంట, మాటిమాటికీ పోయడం లాంటి బాధ ఏదీ లేకపోతే సాధారణంగా మందు అక్కర్లేదు. కీమోలో ఉంది కదా అని భయపడి వేయించమని పట్టుబట్టకండి, డాక్టర్ నిర్ణయానికి వదిలేయండి.

7. ఏ మందు దేనితో పడదు

ఈ భాగాన్ని నోట్‌బుక్‌లో రాసుకోండి. డాక్టర్‌కు తెలియదని కాదు. కీమో తిరుపతిలో ఒకరు రాస్తారు, చెవి చీముకు కావలిలో ఇంకొకరు చూస్తారు, చర్మానికి మీరే పాత మందు వాడుతుంటారు. మూడూ కలిసేది మీ ఇంట్లోనే.

- ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, ఫంగస్‌కు ఇచ్చే కీటోకోనజోల్, ఇట్రాకోనజోల్: విన్‌క్రిస్టిన్ ఒంట్లోంచి తొందరగా పోకుండా చేసి దాని విషప్రభావం పెంచవచ్చు. చర్మం ఫంగస్‌కు కీటోకోనజోల్ మాత్రలు వాడుతుంటే కీమోకు ముందే చెప్పండి.
- జెంటామైసిన్, అమికాసిన్: కిడ్నీకి ప్రమాదం. వాంతులు విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిన కుక్కకు, సిస్‌ప్లాటిన్ లాంటి మందు పడిన కుక్కకు ఇంకా ఎక్కువ.
- ట్రైమెథోప్రిమ్ సల్ఫా: ఇది కూడా మజ్జను అణచగలదు, కళ్లు ఎండిపోయేలా చేయగలదు. డాబర్మన్ ఉన్నవాళ్లు తప్పకుండా డాక్టర్‌కు గుర్తుచేయాలి.
- క్లోరాంఫెనికాల్: మజ్జ మీద ప్రభావం ఉంటుంది. వేరే దారి లేక రాస్తే మీరు గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు, మనుషులకు అరుదుగా ప్రాణాంతకమైన రక్తహీనత వస్తుంది.
- ఎన్రోఫ్లాక్సాసిన్: ఫిట్స్ వచ్చే కుక్కకు, ఎదిగే పిల్లకు జాగ్రత్త. డెరిఫిలిన్ లాంటి థియోఫిలిన్ ఉన్న దగ్గు మందు నడుస్తుంటే దాని స్థాయి రక్తంలో పెరుగుతుంది.
- మెట్రోనిడజోల్: ఎక్కువ డోసులో, ఎక్కువ రోజులు వాడితే తూలడం, కళ్లు అటూ ఇటూ కొట్టుకోవడం కనిపిస్తాయి. కనిపిస్తే అదే రోజు ఫోన్ చేయండి.

ఇంటికొచ్చి సెలైన్ పెట్టే కాంపౌండర్‌కు ఒక మాట: సెఫ్ట్రియాక్సోన్‌ను కాల్షియం ఉన్న ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) సెలైన్ సీసాలో కలపకూడదు.

8. డోసు: ఈ రోజు బరువు మీద లెక్క

కీమోలో కుక్క బరువు మారుతూ ఉంటుంది. రెండు నెలల కిందటి బరువు మీద లెక్కేస్తే తప్పు పోతుంది. మీరు తూకం మీద ఎక్కి చూసుకోండి, తర్వాత కుక్కను ఎత్తుకుని ఎక్కండి, రెండోదాంట్లోంచి మొదటిది తీసేయండి.

డాక్టర్ రాసింది సరిగ్గా అర్థమైందా అని చూసుకోవడానికి ఒక ఉదాహరణ. కిలోకు 12.5 మిల్లీగ్రాముల చొప్పున అమాక్సీక్లావ్ అని రాస్తే, 18 కిలోల కుక్కకు పూటకు 225 మిల్లీగ్రాములు. సిరప్ అయితే సీసా మీద 5 మి.లీ.లో ఎన్ని మిల్లీగ్రాములో చూడండి. 5 మి.లీ.లో 200 ఉంటే మి.లీ.కి 40, అంటే సుమారు 5.6 మి.లీ. మిల్లీగ్రామును మిల్లీలీటరుగా చదవడం వల్లే ఎక్కువ పొరపాట్లు. చెంచాతో కొలవొద్దు, సిరంజి వాడండి.

మనుషుల సిరప్ కొంటే వెనకాల జైలిటాల్ ఉందేమో చదవండి. కుక్కలకు అది విషం.

9. మాత్ర వేసే పద్ధతి

ఎండాకాలం మన ఇళ్లలో కుక్కకు పెరుగన్నమే. డాక్సీసైక్లిన్, ఎన్రోఫ్లాక్సాసిన్ మాత్రలను అందులో కలిపితే పెరుగులోని కాల్షియం వాటిని పట్టుకుని ఒంటికి పట్టనివ్వదు. ఈ మందులు నడుస్తున్నన్ని రోజులూ మాత్రకు, పాలూ పెరుగుకు మధ్య రెండు గంటలైనా తేడా ఉంచండి. ఐరన్ టానిక్, కాల్షియం సిరప్, యాంటాసిడ్, కడుపు పుండ్లకు ఇచ్చే సుక్రల్‌ఫేట్‌లకు కూడా ఇదే నియమం.

మరి దేంట్లో పెట్టాలి? ఉడికించిన చికెన్ ముక్కలో, ఇడ్లీ ముక్కలో. మొదట మాత్ర లేని ముక్క, తర్వాత మాత్ర ఉన్నది, వెంటనే మూడోది ఖాళీది చూపించండి, మూడోదాని ఆశతో రెండోది నమలకుండా మింగేస్తుంది. పచ్చి మాంసం, పచ్చి చేప వద్దు. చేపల పులుసు ముక్క కూడా వద్దు, ఉల్లి వెల్లుల్లి కుక్క రక్తకణాలను పాడుచేస్తాయి.

డాక్సీసైక్లిన్ గొంతులో ఇరుక్కుంటే ఆహారనాళం పుండు పడుతుంది. మాత్ర పడ్డాక సిరంజితో కాసిని నీళ్లు చెంప పక్కనుంచి పోయండి, లేదా పిడికెడు అన్నం పెట్టండి. అమాక్సీక్లావ్‌ను తిండితో కలిపి ఇస్తే వాంతులు తగ్గుతాయి. దాన్ని స్ట్రిప్‌లోంచి ముందే తీసి డబ్బాలో పోయకండి, తేమకు పాడవుతుంది. కలిపిన సిరప్ ఫ్రిజ్‌లో ఉంచి, సీసా మీద రాసిన రోజుల్లోపే వాడాలి.

మాత్ర వేసిన కాసేపటికే వాంతి చేసుకుని అందులో మాత్ర కనిపిస్తే ఫోన్ చేసి అడగండి. ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేయండి, తర్వాతి పూట దగ్గరపడి ఉంటే మాత్రం మర్చిపోయిన డోసును వదిలేయండి. రెండు డోసులు ఒకేసారి ఎప్పుడూ వద్దు.

10. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దుకునే దారి

జ్వరం తగ్గాలని పారాసెటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేయడం. చాలామంది ప్రేమతోనే చేస్తారు, కానీ ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కకు కడుపులో పుండ్లు, కిడ్నీ దెబ్బ తెస్తాయి. ప్రెడ్నిసొలోన్‌తో కలిస్తే పేగుకు రంధ్రం పడేదాకా పోవచ్చు. ఇప్పటికే వేసి ఉంటే దాచకండి. ఏ మాత్ర, ఎన్ని, ఎన్నింటికి వేశారో డాక్టర్‌కు చెప్పండి, చికిత్స దాన్ని బట్టి మారుతుంది.

గేదెల మందు, కోళ్ల నీళ్లలో కలిపే ద్రావణం, రొయ్యల చెరువుకు తెచ్చిన పొడి వాడటం. మందు పేరు ఒకటే కావచ్చు, గాఢత వేరు. వాడొద్దు.

సిప్రోఫ్లాక్సాసిన్ మనుషుల మాత్ర. చవకే, కానీ కుక్క ఒంట్లోకి ఎంత ఎక్కుతుందో ఒక్కో కుక్కకు ఒక్కోలా ఉంటుంది. కణాలు తక్కువున్న కుక్కకు అలాంటి అనిశ్చితి మంచిది కాదు.

టెన్షన్‌తో ప్రెడ్నిసొలోన్ ఆపేయడం. ఇన్ఫెక్షన్ వచ్చిందని స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా మానిపిస్తే కుక్క కుప్పకూలవచ్చు. తగ్గించాలా వద్దా డాక్టర్ చెప్పాలి.

చర్మం మీద చిన్న కురుపులకు నేరుగా మాత్రలు. జ్వరం లేకుండా, కణాలు బాగుంటే క్లోర్‌హెక్సిడిన్ షాంపూ, స్ప్రేతోనే చాలావరకు తగ్గుతాయి. మాత్రలను నిజంగా అవసరమైన రోజుకు దాచుకుంటే అప్పుడు అవి పనిచేస్తాయి.

11. మందు మొదలయ్యాక చూడాల్సినవి

మొదటి 48 గంటల్లో తిండి, చురుకు కొంతైనా మెరుగవ్వాలి. ఏ మార్పూ లేకపోతే డోసు పెంచడం కాదు, మళ్లీ రక్తపరీక్ష, కల్చర్ రిపోర్టు చూడటం. కొత్తగా దద్దుర్లు, ముఖం వాపు వస్తే మందు ఆపి వెంటనే వెళ్లండి.

డాక్టర్‌కు మెసేజ్ పెట్టేటప్పుడు "డల్‌గా ఉంది సార్" అని కాకుండా ఇలా పెట్టండి:

- కీమో మందు, తేదీ, ఈ రోజు ఎన్నో రోజు
- ఉష్ణోగ్రత, ఎన్నింటికి చూశారు
- చిగుళ్ల రంగు ఫొటో
- చివరి సీబీసీ ఫొటో
- నడుస్తున్న మందులు, ఈ రోజు బరువు
- తిండి, నీళ్లు, వాంతి, విరేచనం ఎన్నిసార్లు

కీమో పడ్డాక రెండు మూడు రోజులు కుక్క మలమూత్రాలు, వాంతి తీసేటప్పుడు గ్లౌజులు వేసుకోండి. గర్భిణులు, పిల్లలు ఆ పని చేయకూడదు.

బాగైనట్టు కనిపించినా కోర్సు మధ్యలో సొంతంగా ఆపకండి. మిగిలిన మాత్రలను పక్కింటి కుక్కకు ఇవ్వకండి, తర్వాతి జ్వరానికి దాచకండి. తర్వాతి కీమో తేదీకి ముందు సీబీసీ మళ్లీ చేయించి, ఈసారి డోసు తగ్గించాలా అని డాక్టర్‌ను మీరే అడగండి. ఒకసారి కణాలు బాగా పడిపోయి జ్వరం వచ్చిన కుక్కకు అదే మందును తర్వాతసారి కొంత తగ్గించి ఇస్తారు. కల్చర్ రిపోర్టును కూడా ఫైల్లో పెట్టండి, మళ్లీ ఇన్ఫెక్షన్ వస్తే ఏ మందుతో మొదలుపెట్టాలో డాక్టర్ మొదట దాన్నే చూస్తారు.